ఎలక్ట్రిక్ యూనిసైకిల్: కొనడం దగ్గర్నుంచి రోడ్డెక్కేదాకా వరుసగా ఏం చెయ్యాలి

ఎలక్ట్రిక్ యూనిసైకిల్ అంటే ఒకే చక్రం, దానికి రెండు పక్కలా కదలని పెడల్స్, వాటి మీద పాదాలు పెట్టి నిలబడి నడిపే బ్యాటరీ బండి. ఇది కొందామనుకుంటున్నా, ఏది తీసుకోవాలి, ఎన్ని రోజుల్లో వస్తుంది, పడితే పరిస్థితేంటి అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి ముక్కలుముక్కలుగా చెప్తుంటే అసలు చెప్పాల్సినవే మిస్సవుతున్నాయి, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. ఓపిగ్గా వరుసలోనే చదవండి. టైమ్ లేకపోతే కనీసం 1, 7, 8 నంబర్లు మాత్రం వదలొద్దు.

## 1. ముందు బండి మిమ్మల్ని ఎలా నిలబెడుతుందో తెలుసుకోండి

చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడాం కదా, కర్ర ముందుకి ఒరిగితే చెయ్యి గబుక్కున ముందుకి జరిపి దాని కిందకి తీసుకెళ్తాం. ఇదీ అంతే. మీరు ముందుకి వాలితే లోపలున్న గైరో సెన్సర్ పట్టేసుకుంటుంది, బోర్డు, అంటే మోటార్‌ని నడిపే లోపలి సర్క్యూట్, మోటార్‌ని ముందుకి తిప్పి చక్రాన్ని మళ్లీ మీ కిందకి తెస్తుంది, దాన్నే మనం స్పీడ్ అంటున్నాం. వెనక్కి వాలితే అదే బ్రేక్. ఇంక వేరే యాక్సిలరేటర్ లేదు, బ్రేక్ లివర్ లేదు.

ముందుకీ వెనక్కీ పడకుండా చూసేది మాత్రమే బండి పని. పక్కలకి పడకుండా చూసుకోవాల్సింది మీరే, సైకిల్ మీద చేసినట్టే, ఎటు ఒరుగుతుంటే అటు కొంచెం తిప్పడం. అందుకే నిలబడిన చోట బ్యాలెన్స్ చాలా కష్టం, కదులుతుంటే సులువు.

ఇప్పుడు అసలు విషయం. మిమ్మల్ని నిలబెట్టేది మోటార్‌లో ఆ క్షణాన ఇంకా మిగిలున్న బలం. మోటార్ వేగంగా తిరిగేకొద్దీ దాంట్లోనే ఎదురు వోల్టేజ్ పుడుతుంది, దాంతో బ్యాటరీ తోసే కరెంట్‌కి చోటు తగ్గిపోతుంది. అంటే స్పీడ్ పెరిగేకొద్దీ మిగులు తగ్గుతుంది. బ్యాటరీ దిగేకొద్దీ కూడా తగ్గుతుంది. 84 వోల్ట్ బండి తీసుకోండి, వరసలో 20 సెల్స్ ఉంటాయి, ఫుల్ చార్జ్‌లో సెల్‌కి 4.2 వోల్ట్ చొప్పున 84, అదే సెల్స్ 3.3కి దిగితే మొత్తం 66. అంటే పొద్దున మీరు ఎక్కిన బండీ సాయంత్రం దిగే బండీ ఒకటి కాదు.

మిగులు అయిపోయిన క్షణంలో మీరింకా ముందుకి వాలితే చక్రం మీ కిందకి రాలేదు, బొక్కబోర్లా పడతారు. ఏది కొనాలన్నా, ఎలా నడపాలన్నా ఈ మిగులు గుర్తుపెట్టుకుంటే సగం ప్రశ్నలకి జవాబు మీకే దొరుకుతుంది.

## 2. ఏ బండి కొనాలి

టాప్ స్పీడ్ చూసి కొనొద్దు. కింద చెప్పిన వరసలో చూడండి.

మీ బరువు. మాన్యువల్‌లో గరిష్ఠ బరువు రాసుంటుంది, మీ బరువుకి బ్యాగు, హెల్మెట్, గార్డులు కూడా కలుపుకుని ఆ లెక్కకి బాగా లోపల ఉండాలి. అరవై కిలోల మనిషికి హాయిగా ఉండే బండి తొంభై కిలోల మనిషికి ప్రతి ఎత్తుమీదా బీప్ కొడుతుంది.

చక్రం సైజు. 10 అంగుళాలది ఆటబొమ్మలా చకచకా తిరుగుతుంది కానీ చిన్న గుంట వచ్చినా ఆగిపోతుంది. 14 తేలిక, చేత్తో మోసుకెళ్లడానికి బావుంటుంది. 16 మొదటి బండికి చాలామందికి సరిపోయే సైజు, తిరగడం సులువు, గతుకులు కూడా ఓ మాదిరిగా తట్టుకుంటుంది. 18, 20 స్పీడ్‌లో స్థిరంగా ఉంటాయి, గుంతలు మింగేస్తాయి, కానీ బరువెక్కువ, నెమ్మదిగా వెళ్లేటప్పుడు మొండికేస్తాయి.

బండి బరువు. ఇది కొన్నాకే తెలిసొస్తుంది. ఇన్‌మోషన్ వీ8 లాంటి 16 అంగుళాల బండి సుమారు 14 కిలోలు, మెట్లెక్కేటప్పుడు చేత్తో పట్టుకెళ్లొచ్చు. వెటరన్ షెర్మన్ 20 అంగుళాలది, 3200 వాట్ అవర్ (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ, 35 కిలోలకి అటూఇటూ ఉంటుంది. మీరు రోజూ మూడో అంతస్తు ఎక్కాలంటే ఈ తేడా మీ నడుముకే తెలుస్తుంది.

బ్యాటరీ. వాట్ అవర్ అంకె చూడండి. మామూలు స్పీడ్‌లో కిలోమీటర్‌కి 15 నుంచి 20 వాట్ అవర్ దాకా తింటుంది, స్పీడ్ పెరిగినా గాలి ఎదురైనా 25, 30 కూడా దాటుతుంది. 1000 వాట్ అవర్ బండిలో చివరి ఐదో వంతు ముట్టుకోకుండా 800 వాడుకుంటామనుకోండి, కిలోమీటర్‌కి 20 చొప్పున 40 కిలోమీటర్లు. కంపెనీ రాసే రేంజ్ తేలికైన మనిషిని ఎక్కించి నిదానంగా, చదునైన దారిలో నడిపి వచ్చింది, దాన్ని నమ్ముకుని ప్లాన్ చేసుకోవద్దు. ఇంకోటి, పెద్ద బ్యాటరీ అంటే దూరం ఒక్కటే కాదు, లోడ్ పడినప్పుడు వోల్టేజ్ తక్కువ కుంగుతుంది, అంటే మిగులు కూడా ఎక్కువ.

సస్పెన్షన్. 2020 ప్రాంతంలో ఇన్‌మోషన్ వీ11, కింగ్‌సాంగ్ ఎస్18 లాంటివి వచ్చినప్పట్నుంచి సస్పెన్షన్ బండ్లు మామూలైపోయాయి. గతుకుల దారి ఎక్కువైతే మోకాళ్లకి నిజంగా తేడా తెలుస్తుంది. కానీ బరువు పెరుగుతుంది, జాయింట్లు, సీల్స్ అని చూసుకోవాల్సినవి పెరుగుతాయి. మొదటి బండికి తప్పనిసరి కాదని నా అభిప్రాయం.

నన్నడిగితే మొదటిది 16 అంగుళాలు, 20 కిలోల లోపు బరువు, గీతలు పడినా మనసు విలవిల్లాడనిది తీసుకోండి, ఎందుకంటే మొదటి రెండు వారాల్లో అది పడుతుంది, చాలాసార్లు పడుతుంది. పెద్దది ముందే కొనేసి పడేసుకుంటే ఎలా అనే భయంతో కాళ్లు బిగుసుకుపోయి నేర్చుకోవడమే ఆలస్యమయ్యేవాళ్లని చూశాను.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇవి చూడకుండా డబ్బివ్వొద్దు:

- ఫుల్ చార్జ్ పెట్టించి యాప్‌లో వోల్టేజ్ చూడండి, 84 వోల్ట్ బండి 84 దగ్గరికి రావాలి, 81 దగ్గరే ఆగిపోతే లోపల ఏవో సెల్స్ వెనకబడ్డాయని అనుమానించాలి
- యాప్‌లో మొత్తం తిరిగిన కిలోమీటర్లు
- చక్రం ఎత్తి చేత్తో తిప్పితే గరగర చప్పుడు వస్తుందా, అంటే బేరింగ్
- పెడల్ పట్టుకుని పైకీ కిందకీ ఊపితే లూజ్ ఉందా
- షెల్ (బండి పైతొడుగు) స్క్రూల దగ్గర తుప్పు, మట్టి చార, అంటే నీళ్లలో తిరిగిన బండి
- ఆ మోడల్ బ్యాటరీ మీదో బోర్డు మీదో రీకాల్ వచ్చిందా, వస్తే మార్పించారా
- మీ ప్రాంతంలో దీన్ని రోడ్డు మీద నడపనిస్తారా, ఇది కొత్త బండికైనా ముందే కనుక్కోవాలి, ఒక్కోచోట ఒక్కో రూల్

## 3. బండికంటే ముందు గార్డులు

బండి వచ్చాక కొందాంలే అనుకుంటే బండి వచ్చిన సాయంత్రమే ఎక్కేస్తారు, గార్డులు లేకుండానే. ముందు ఆర్డర్ పెట్టాల్సింది ఇవి.

- రిస్ట్ గార్డులు, అరచేతి కింద గట్టి ప్లాస్టిక్ ఉన్నవి, జారేలా ఉండాలి, గుడ్డ గ్లౌజులు రోడ్డుకి పట్టేసుకుంటాయి, చెయ్యి అక్కడే ఆగిపోయి మణికట్టు విరుగుతుంది
- మోకాలి గార్డులు, గట్టి చిప్ప ఉన్నవి
- మోచేతి గార్డులు
- హెల్మెట్. నేర్చుకునే దశకి సైకిల్ హెల్మెట్ సరిపోతుంది, గంటకి 25 కిలోమీటర్లు దాటి వెళ్లేటప్పుడు మాత్రం గడ్డం కూడా కప్పే ఫుల్‌ఫేస్ కావాల్సిందే, ఈ బండి మీద పడేది ముందుకే కాబట్టి ముఖంలో ముందు నేలని తాకేది ఎక్కువగా గడ్డమే
- చదునైన గట్టి అడుగున్న బూట్లు, చీలమండ కప్పేవైతే మరీ మంచిది, మెత్తటి రన్నింగ్ షూస్‌లో పాదం తేలిపోతున్నట్టుంటుంది

మొదటి వారం మందపాటి ఫుట్‌బాల్ షిన్ గార్డులు కూడా వేసుకోండి. పెడల్ అంచు వచ్చి ముందు ఎముకకి తగిలితే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

## 4. బండి ఇంటికొచ్చాక, ఎక్కకముందు

1. ముందు ఫుల్ చార్జ్. ఆకుపచ్చ లైట్ వచ్చాక కూడా ఓ గంట, రెండు గంటలు అలాగే వదలండి, సెల్స్ ఒకదానితో ఒకటి సమానమయ్యేది ఆ చివర్లోనే. దగ్గరే ఉండి చెయ్యండి.
2. ఫోన్‌లో యాప్ కలిపి ఫర్మ్‌వేర్, అంటే బండి లోపలి సాఫ్ట్‌వేర్, చూసుకోండి, కొన్ని బండ్లు యాక్టివేట్ చేసేదాకా స్పీడ్ లాక్‌లో ఉంటాయి.
3. టిల్ట్‌బ్యాక్ స్పీడ్ (అది దాటితే బండి పెడల్ ముందు అంచు లేపి మిమ్మల్ని వెనక్కి నెడుతుంది) గంటకి 15 లేదా 20 కిలోమీటర్ల దగ్గర పెట్టండి. పెడల్ మోడ్ హార్డ్, మీడియం, సాఫ్ట్ అని ఉంటే మీడియమో హార్డో పెట్టండి, సాఫ్ట్‌లో పెడల్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కొత్తవాళ్లు కంగారుపడతారు.
4. పెడల్స్ సమంగా ఉన్నాయో లేదో చూడండి. ముందుకి వంగి అనిపిస్తే యాప్‌లో క్యాలిబ్రేట్ చెయ్యండి.
5. టైర్ గాలి. బండిని బట్టీ మీ బరువుని బట్టీ సాధారణంగా 25 నుంచి 45 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది, మాన్యువల్‌లో అంకె దగ్గర మొదలుపెట్టండి. మరీ గట్టిగా ఉంటే బండి చిన్న రాయికి కూడా బెదురుతుంది, మరీ మెత్తగా ఉంటే తిప్పడానికి మొండికేస్తుంది, గుంతలో రిమ్ము కొట్టుకుంటుంది.
6. షెల్ రెండు పక్కలా ఫోమ్ షీటో పాత యోగా మ్యాట్ ముక్కో టేప్‌తో చుట్టేయండి.
7. హ్యాండిల్‌కి ఒక బెల్టు కట్టండి. బండి మీ కింద నుంచి తప్పించుకుంటే ఒంటరిగా దొర్లుకుంటూ పోయి ఎవరి కాలికో తగలకుండా ఆపడానికి. దాన్ని చేతికో నడుముకో ముడి వెయ్యొద్దు, వదిలెయ్యగలిగేలా వేళ్లతో మాత్రమే పట్టుకోవాలి.

హ్యాండిల్ కింద చాలా బండ్లలో ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే మోటార్ ఆగుతుంది. ఆన్‌లో ఉన్న బండిని ఎత్తేటప్పుడు అది నొక్కకపోతే చక్రం గాల్లో గిర్రున తిరిగేస్తుంది. ఆ బటన్ ఎక్కడుందో కళ్లు మూసుకుని దొరికేదాకా పదిసార్లు ఎత్తి దింపండి.

## 5. ఎక్కడ, ఎప్పుడు

ఖాళీ పార్కింగ్ స్థలం, బాస్కెట్‌బాల్ కోర్టు, స్కూలు ఆవరణ, ఇలాంటి చదునైన సిమెంట్ నేల కావాలి. పక్కన పట్టుకోవడానికి కంచో పిట్టగోడో ఉంటే సగం పనైపోయినట్టే. గడ్డి మీద పడితే మెత్తగా ఉంటుందని చాలామంది అక్కడికి వెళ్తారు, వెళ్లొద్దు, చక్రం కదలడానికే ఎక్కువ వాలాలి, దాంతో ప్రతిదీ రెట్టింపు కష్టం.

ఒక్కసారికి 20, 30 నిమిషాలు చాలు. అలసిపోయాక నేర్చుకునేదేం ఉండదు, తప్పులు కాళ్లకి అలవాటవుతాయి. రాత్రి నిద్రపోయి లేచి వచ్చేసరికి నిన్న రానిది ఈరోజు దానంతటదే వస్తుంది, ఇది చాలామందికి జరిగేదే. రోజుకి అరగంట చొప్పున కొందరికి మూడు రోజులు, కొందరికి రెండు వారాలు. పక్కవాడితో పోల్చుకోకండి.

## 6. నేర్చుకునే వరుస

దీంట్లో దేన్నీ దాటెయ్యొద్దు. ఒక మెట్టు పదిసార్లు వరసగా పడకుండా వచ్చాకే తర్వాతది.

6.1 ఒక కాలు. మెట్లెక్కేటప్పుడు ముందు ఏ కాలు వేస్తారో చూడండి, చాలామందికి పెడల్ మీద ఉండాల్సింది ఆ కాలే, రాకపోతే రెండోది ప్రయత్నించండి. బండిని రెండు కాళ్ల మధ్య పెట్టి ఆన్ చేసి ఆ పాదం పెడల్ మీద పెట్టండి. బరువు వెయ్యగానే బండి ఆ కాలివైపు వాలుతుంది, వాలనివ్వండి, షెల్ వచ్చి పిక్క లోపలివైపు ఆనుకుని ఆగుతుంది. ఆ ఆనుడే మీ ఆసరా. చాలామంది భయపడి కాలు పక్కకి లాగేసుకుంటారు, లాగేస్తే బండి నేలకొరుగుతుంది.

6.2 ఊపు. రెండో కాలు నేల మీదే ఉంచి పెడల్ మీద పాదాన్ని మునివేళ్లతో నొక్కండి, ముందుకి జానెడు కదులుతుంది. మడమతో నొక్కండి, వెనక్కి వస్తుంది. ఉయ్యాలలా ఇలా ఓ ఐదు నిమిషాలు. ఎంత నొక్కితే ఎంత కదులుతుందో పాదానికి ఇక్కడే తెలుస్తుంది.

6.3 తోపుడు. ఇప్పుడు స్కూటర్‌ని కాలితో తోసినట్టు నేల కాలితో ఒక్క అడుగు తోసి బరువంతా పెడల్ కాలి మీద వెయ్యండి, ఒక మీటర్ జారి కాలు దింపండి. తర్వాత రెండు మీటర్లు. తర్వాత మూడు. ఇది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది కానీ రెండో కాలు పెట్టడానికి దొరికే టైమంతా ఇక్కడే తయారవుతుంది. తర్వాత కష్టపడేవాళ్లలో ఎక్కువమంది ఈ మెట్టు సరిగ్గా చెయ్యనివాళ్లే.

6.4 రెండో కాలు, కంచె పట్టుకుని. కంచె పక్కన నిలబడి ఒక చెయ్యి ఆనించి రెండో పాదం పైకి పెట్టండి. పాదాలు ఎక్కడున్నాయో కిందకి చూసి సర్దుకోవడానికి ఇదే అవకాశం. పాదం మధ్యభాగం పెడల్ మధ్యకి రావాలి, వేళ్లు ముందుకి కొంచెం బయటికి వచ్చినా పర్లేదు. పాదాలు బాగా ముందుకి ఉంటే స్పీడ్ సులువుగా వస్తుంది, బ్రేక్ రాదు. బాగా వెనక్కి ఉంటే దానికి రివర్స్, బ్రేక్ సులువు, స్పీడ్ రాదు. అలాగే కంచె పట్టుకుని మెల్లగా పది మీటర్లు.

6.5 చెయ్యి వదలడం. ఇక్కడే మనసు అడ్డం తిరుగుతుంది. నెమ్మదిగా వెళ్తే సేఫ్ అనిపిస్తుంది, కానీ నడక వేగంలో బండి పాములా మెలికలు తిరుగుతుంది, ఇంకొంచెం వాలి 8, 10 కిలోమీటర్ల వేగం రాగానే దానంతటదే సర్దుకుంటుంది. సైకిల్ నేర్చుకున్న రోజు గుర్తు తెచ్చుకోండి, తొక్కితేనే నిలబడింది కదా. చూపు ఇరవై మీటర్ల అవతల ఉండాలి. కిందకి చూశారంటే అక్కడికే వెళ్తారు.

6.6 దిగడం. నెమ్మది చేసి మడమల మీద బరువు వేసి, దాదాపు ఆగుతుండగా ముందు పెట్టని కాలిని నేల మీద పెట్టండి, మొదటి కాలు పెడల్ మీదే, పిక్క షెల్‌కి ఆనించే. రెండు కాళ్లూ ఒకేసారి దూకొద్దు.

6.7 తిరగడం. నెమ్మదిలో నడుము, భుజాలు తిప్పండి, ఎటు వెళ్లాలో అటు తల ముందు తిరగాలి, మిగతాది ఒళ్లు చూసుకుంటుంది. స్పీడ్‌లో అయితే లోపలివైపు పెడల్ కొంచెం నొక్కి బయటివైపు కాలితో షెల్‌ని నెట్టండి, చక్రం ఒరిగి అర్ధవృత్తంలా తిరుగుతుంది. రెండు బూట్లు పది అడుగుల దూరంలో పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె వెయ్యండి. మీకు నచ్చని వైపుకి ఎక్కువసార్లు.

6.8 ఆసరా లేకుండా ఎక్కడం. ఇది చివర్లో వస్తుంది, మొదట్లో రాలేదని బాధపడొద్దు. 6.3లో తోపుడు గట్టిగా చేసుంటే, తోసి జారుతూ రెండో కాలు పెట్టెయ్యడమే. రెండో పాదం వంకరగా పడితే ఆ క్షణంలో సర్దొద్దు, స్పీడ్ వచ్చి నిలకడయ్యాక మడమ కొంచెం తేలిక చేసి చిన్నచిన్నగా జరుపుకోండి.

### ఇక్కడ వచ్చే తప్పులు, వాటికి మందు

- పాదాలు మంటలు, నొప్పి. వేళ్లతో బూటు లోపల నేలని పట్టుకున్నట్టు బిగించేస్తున్నారు. దిగి రెండు నిమిషాలు నడవండి. వారం రెండు వారాల్లో దానంతటదే పోతుంది.
- బండి ఎప్పుడూ ఒకవైపే లాగేస్తోంది. ఒక పాదం షెల్‌కి దగ్గరగా, ఇంకోటి దూరంగా ఉంది. దిగి మళ్లీ ఎక్కండి, రెండూ ఒకే దూరంలో పెట్టండి.
- చేతులు విమానం రెక్కల్లా చాచి బిగుసుకుపోవడం. మోకాళ్లు వంచండి, చేతులు వాటంతటవే కిందకి దిగుతాయి.
- రెండు కాళ్లతో షెల్‌ని గట్టిగా అదిమిపట్టుకోవడం. అప్పుడు బండి ఒరగలేదు, ఒరగకపోతే బ్యాలెన్స్ లేదు. షెల్ తగిలీ తగలనట్టుండాలి.
- నడుము దగ్గర వంగి ముందుకి వెళ్లడం. తల ముందుకీ పిర్రలు వెనక్కీ పోతే బరువు ఎక్కడున్నదక్కడే ఉంటుంది. చీలమండ దగ్గర్నుంచి ఒళ్లంతా ఒక పలకలా వాలాలి.
- పడిపోతున్న బండిని పట్టుకోవడం. వదిలెయ్యండి. అందుకే ఫోమ్ చుట్టాం. 10 కిలోమీటర్ల వేగంలో అయితే ముందుకి నాలుగడుగులు పరిగెత్తి ఆగొచ్చు, బండికోసం వంగితేనే దెబ్బ.

## 7. బ్రేక్, స్పీడ్‌కంటే ముందు

ఎంత స్పీడ్‌లో మీరు కచ్చితంగా ఆపగలరో అంతే మీ స్పీడ్. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

కుర్చీ వెనక ఉందనుకుని కూర్చోబోతున్నట్టు పిర్రలు వెనక్కీ కిందకీ దించండి, మోకాళ్లు బాగా వంగాలి, మడమలు నొక్కాలి, ఛాతీ నిటారుగా ఉండాలి. నిటారుగా నిలబడి భుజాలు మాత్రమే వెనక్కి వేస్తే బ్రేక్ అంతంతమాత్రమే, పైగా బండి ఊగడం మొదలెడుతుంది.

రోజూ ప్రాక్టీస్ ఇలా:

- నేల మీద సుద్దతో గీత గీయండి
- 10 వేగంతో వచ్చి గీత దగ్గర బ్రేక్ మొదలుపెట్టి ఎక్కడ ఆగారో అక్కడ ఇంకో గీత
- పదిసార్లు, ప్రతిసారీ ఓ చెప్పంత దూరం తగ్గించండి
- అది స్థిరపడ్డాకే 15, తర్వాత 20
- ఇది 30 నిమిషాల సెషన్‌లో కనీసం పది నిమిషాలు, ఎన్నాళ్లైనా

ఇంకో విషయం. బ్రేక్ వేస్తే మోటారే కరెంట్ పుట్టించి బ్యాటరీకి పంపుతుంది. ఫుల్ చార్జ్ పెట్టుకుని ఇంటి ముందే పెద్ద దిగుడు ఉంటే ఆ కరెంట్‌కి చోటుండదు, బండి బీప్ కొట్టి పెడల్స్ ఎత్తేస్తుంది. అలాంటి చోట ఉండేవాళ్లు 90 శాతం దగ్గరే చార్జ్ ఆపండి.

## 8. బీప్, టిల్ట్‌బ్యాక్, కటౌట్

బీప్ అంటే మిగులు అయిపోతోందని బండి చెప్పడం. టిల్ట్‌బ్యాక్ అంటే పెడల్ ముందు అంచు పైకి లేపి మిమ్మల్ని వెనక్కి నెట్టడం. కటౌట్ అంటే మిగులు పూర్తిగా అయిపోయి మోటార్ మిమ్మల్ని నిలబెట్టలేక వదిలెయ్యడం. బీప్ గానీ టిల్ట్‌బ్యాక్ గానీ వచ్చినప్పుడు చెయ్యాల్సింది ఒకటే, మెల్లగా వెనక్కి బరువు వేసి నెమ్మది చెయ్యడం. పెడల్ లేచిందని దాన్ని మునివేళ్లతో కిందకి తొక్కితే మిగిలిన ఆ కొంచెం బలం కూడా మీరే లాగేసుకున్నట్టు.

నేను నేర్చుకున్న మూడో నెలలో ఒక చలి సాయంత్రం బ్యాటరీ 30 శాతంలో ఉండగా చిన్న ఎత్తు మీద స్పీడ్ అందుకోబోయాను. బీప్ వినపడింది, ఇంకో యాభై మీటర్లే కదా అనుకున్నా. చప్పుడేం లేదు, కుదుపు లేదు, కాళ్ల కింద పెడల్స్ మెత్తగా ముందుకి వంగాయి, అంతే, నేల మీదున్నా. ఎడమ రిస్ట్ గార్డు ప్లాస్టిక్ మీద నాలుగు వేళ్ల వెడల్పున గరుకు గీతలు, కింద అరచేతికి ఏం కాలేదు. అది ఇప్పటికీ దాచుకున్నా. చలి, తక్కువ చార్జ్, ఎత్తు, యాక్సిలరేషన్, నాలుగూ ఒక్కచోట చేరితే మిగులు ఎక్కణ్నుంచి వస్తుంది?

పాటించాల్సినవి:

- బ్యాటరీ సగానికి దిగితే స్పీడ్ తగ్గించండి, 30 శాతం కింద నెమ్మదిగా ఇంటికే
- ఎదురుగాలి, ఎత్తు, చలి, బరువైన బ్యాగు, ఏ రెండు కలిసినా ఇంకో మెట్టు తగ్గించండి
- స్పీడ్‌లో ఉండగా ఇంకా గట్టిగా ముందుకి తొక్కే అలవాటు వద్దు, మెల్లగా వాలండి
- గుంతలోంచి బయటికొచ్చేటప్పుడు చక్రానికి ఒక్కసారిగా బలం కావాలి, ముందే నెమ్మది చేసుకోండి
- యాప్‌లో అలారం స్పీడ్లు ఎప్పుడూ ఆఫ్ చెయ్యొద్దు
- షిన్ ముందు పెట్టుకునే పవర్ ప్యాడ్లు మొదటి 500 కిలోమీటర్లు వద్దు, వాటితో ఎంత గట్టిగా అడుగుతున్నారో కాళ్లకి తెలియదు

## 9. బండి వణికితే

20, 25 దాటాక, ముఖ్యంగా బ్రేక్ వేసేటప్పుడు బండి ఎడమకీ కుడికీ గబగబా ఊగుతుంది, దీన్ని వాబుల్ అంటారు. కాళ్లు అలసిపోయో బిగుసుకుపోయో వస్తుంది. భయంతో ఇంకా బిగిస్తే ఇంకా పెరుగుతుంది.

మోకాళ్లు వంచి కిందకి దిగండి. ఒక కాలి మీద బరువు కొంచెం ఎక్కువ వెయ్యండి, లేదా మెల్లగా ఒక వంపు తిరగండి, వంపులో చక్రం ఒరిగి ఉంటే వణుకు నిలవదు. గట్టి బ్రేక్ వద్దు, అది చల్లారాక మెల్లగా నెమ్మది చెయ్యండి. రోజూ వస్తుంటే టైర్ గాలి, పెడల్ లూజ్ చూడండి.

## 10. రోడ్డు మీదకి వెళ్లేముందు

ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె రెండు వైపులా, 20 స్పీడ్‌లో గీత దగ్గర ఆపడం, వెళ్తూ వెనక్కి తిరిగి చూసి లైన్ తప్పకపోవడం, ఈ మూడూ వచ్చాకే.

స్పీడ్ బ్రేకర్ నిటారుగా ఎదుర్కోండి, మోకాళ్లు వంచి, చక్రం ఎక్కుతుంటే కాళ్లు పైకి ముడుచుకున్నట్టు, దిగుతుంటే చాచినట్టు. రోడ్డు పొడవునా ఉండే పగుళ్లు, పట్టాలు అడ్డంగా దాటండి, వాటితో పాటు వెళ్తే చక్రం దాంట్లో పడుతుంది. తడిసిన ఇనుప మూతలు, పెయింట్ గీతలు, ఇసుక మీద తిరగొద్దు, నిటారుగా దాటెయ్యండి. నీళ్లు నిలిచిన చోట లోతు కనపడదు, పైగా బాక్సు మీద ఏ రేటింగ్ రాసున్నా నీళ్లు పోయిన బోర్డుకి వారంటీ అడగడం తలనొప్పి.

కార్లో ఉన్నవాళ్లకి మీరు నిలబడి నడుస్తున్న మనిషిలా కనపడతారు, మీ స్పీడ్ వాళ్లు అంచనా వెయ్యలేరు. వాళ్లు ఆగుతారనుకుని వెళ్లొద్దు. చీకట్లో బండి లైట్ కిందుంటుంది కాబట్టి హెల్మెట్ మీద ముందూ వెనకా ఒక్కో లైట్ పెట్టుకోండి.

## 11. బ్యాటరీ, రోజువారీ చూసుకోవాల్సినవి

వేడిగా ఉన్న బండికి వెంటనే చార్జర్ పెట్టొద్దు, అరగంట ఆగండి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చెయ్యొద్దు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌లో చల్లటి పొడి చోట ఉంచి నెలకోసారి చూడండి. పెద్ద దెబ్బ తిన్నాకో నీళ్లలో మునిగాకో చార్జ్ పెట్టాలంటే ముందు తెలిసినవాళ్లతో విప్పి చూపించండి, అప్పటిదాకా ఇంట్లో పెట్టుకోవద్దు.

విమానంలో తీసుకెళ్దామని చాలామంది అడుగుతారు. ప్రయాణికులు సొంత వస్తువులతో పాటు తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి మామూలుగా 100 వాట్ అవర్, ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే 160 దాకా, అంతే. మన బండ్లవి దానికి ఎన్నో రెట్లు, కాబట్టి కుదరదు.

ఎక్కేముందు ప్రతిసారీ ఒక నిమిషం:

- టైర్ బొటనవేలితో నొక్కి చూడండి, వారానికోసారి గేజ్‌తో
- టైర్‌లో మేకు, గాజు ముక్క
- పెడల్ ఊపి లూజ్
- చార్జ్ ఎంత, వెళ్లి రావాల్సిన దూరం ఎంత
- ఆన్ చేసి చేత్తో ముందుకీ వెనక్కీ వంచి చూడండి, మామూలుగా స్పందిస్తోందా
- గార్డుల బెల్టులు బిగించారా, ముఖ్యంగా మణికట్టువి

నెలకోసారి షెల్ స్క్రూలూ పెడల్ బోల్టులూ బిగించండి. టైర్‌లో గాలి మాటిమాటికీ దిగుతుంటే ట్యూబ్ లోపల సీలెంట్ పోయించడం మంచిది, ఎందుకంటే ఈ బండికి పంక్చర్ వెయ్యాలంటే చాలావాటికి షెల్ సగం విప్పాలి, మోటార్ వైర్లు జాగ్రత్తగా పక్కకి తియ్యాలి. మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన కూర్చుని, విప్పే ప్రతి స్క్రూ ఫోటో తీసుకుంటూ చెయ్యండి, పొడవు స్క్రూ పొట్టి దాని చోట పెట్టి బిగిస్తే లోపల బ్యాటరీ ప్యాక్‌కి గుచ్చుకునే మోడళ్లు ఉన్నాయి.